పక్క కుర్చీలో ఎవరు?

ఈనాటి ప్రసంగ విషయం కోవర్కింగ్ స్పేస్‌లు. అలాంటి చోట కూర్చుని పనిచేసేవారి మధ్య ఇరుగుపొరుగు ఎలా ఏర్పడుతుంది, కొన్ని చోట్ల ఎందుకు ఏర్పడకుండా పోతుంది అన్నది ఇక్కడ పరిశీలించే అంశం.

వేర్వేరు వృత్తులవారు, వేర్వేరు సంస్థల ఉద్యోగులు, ఏ సంస్థలోనూ చేరకుండా సొంతంగా పని తెచ్చుకుని చేసుకునేవారు రోజుకు ఇంత అనో, నెలకు ఇంత అనో రుసుము కట్టి, ఒకే కప్పు కింద కూర్చుని ఎవరి పని వారు చేసుకునే చోటును కోవర్కింగ్ స్పేస్ అంటున్నారు. బల్లలు, కుర్చీలు, ఇంటర్నెట్, జనరేటర్, తాగునీరు, కాఫీ యంత్రం, సమావేశాల గది అక్కడ అందరికీ ఉమ్మడి. ఖాళీగా ఉన్న ఏ కుర్చీలోనైనా కూర్చునే సభ్యత్వాన్ని హాట్ డెస్క్ అనీ, నెల పొడుగునా ఒకే బల్లను తనకోసం అట్టిపెట్టుకునే సభ్యత్వాన్ని డెడికేటెడ్ డెస్క్ అనీ, ఒక్క రోజుకు కొనుక్కునే ప్రవేశాన్ని డే పాస్ అనీ వ్యవహరిస్తారు. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి, బంజారాహిల్స్ ప్రాంతాల్లో ఇవి కొన్నేళ్లుగా స్థిరపడ్డాయి. విశాఖపట్నం, విజయవాడలకూ వచ్చాయి. అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, పెళ్లి వీడియోలకు ఎడిటింగ్ చేసే కుర్రవాడు, చిన్న వ్యాపారుల జీఎస్‌టీ రిటర్నులు వేసే అకౌంటెంటు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే చిత్రకారిణి అక్కడ పక్కపక్కనే కూర్చుంటారు. వారి వెనక బల్ల దగ్గర ముగ్గురు మిత్రులు తమ స్టార్టప్‌ను, అంటే ఒక కొత్త ఆలోచనను వ్యాపారంగా నిలబెట్టే చిన్న సంస్థను, నడుపుతూ ఉంటారు.

పక్కపక్కనే కూర్చున్నంత మాత్రాన వారు ఇరుగుపొరుగు అయిపోరు. ఈ ప్రసంగంలో గుర్తుంచుకోవలసిన మాట ఇదే. కుర్చీ, ఇంటర్నెట్ డబ్బు కడితే దొరుకుతాయి. పక్క కుర్చీలో ఉన్నది ఎవరో, వారు ఏ పని చేస్తారో తెలియడం మాత్రం దానంతట అది జరగదు. ఆ పరిచయం చేయించే పనిని ఎవరో ఒకరు బాధ్యతగా తీసుకోవాలి, దాన్ని రోజూ చేయాలి.

ఈ ఏర్పాటు పుట్టుకను గమనిస్తే విషయం తేటపడుతుంది. 2005 ఆగస్టు 9న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో బ్రాడ్ న్యూబర్గ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కోవర్కింగ్ ఆలోచనను ప్రకటించారు. ఉద్యోగంలో ఉంటే తోటివారి సాంగత్యం, దినచర్యకు ఒక క్రమం ఉంటాయి గానీ స్వేచ్ఛ ఉండదు. సొంతంగా పనిచేసుకుంటే స్వేచ్ఛ ఉంటుంది గానీ సాంగత్యం ఉండదు. ఈ రెండూ ఒకేచోట ఎందుకు దొరకకూడదన్నది ఆయన ప్రశ్న. స్త్రీల బృందం ఒకటి నడిపే స్పైరల్ మ్యూజ్ అనే ఇంట్లో వారానికి రెండు రోజులు వాడుకోవడానికి నెలకు 300 డాలర్ల అద్దెకు స్థలం తీసుకుని, ఉదయం మడత బల్లలు వేసి, సాయంత్రం వాటిని తీసి సర్దేవారు. మధ్యాహ్నం అందరూ కలిసి భోజనం చేయాలనీ, మధ్యలో ధ్యానానికి విరామం ఉండాలనీ, సాయంత్రం 5.45కు తలుపులు మూయాలనీ మొదటే నిర్ణయించారు. మొదటి నెలలో ఎవరూ రాలేదు. తర్వాత ఒక్కొక్కరుగా వచ్చారు. ఏడాది గడిచాక ఆ చోటు మూతపడి, దాని స్థానంలో 2006లో హ్యాట్ ఫ్యాక్టరీ అనే మరో చోటు మొదలైంది. క్రిస్ మెసీనా, టారా హంట్ వంటి మిత్రులు తోడై ఆ ఆలోచనను ఊరూరా చెప్పారు. ఎవరైనా తీసుకుని తమ ఊళ్లో తమకు తగ్గట్టు మార్చుకోవచ్చని ఆలోచనను బహిరంగంగా వదిలేయడం వల్లే అది అంత త్వరగా ఖండాలు దాటింది. ఇప్పటికీ ఆగస్టు 9ని కోవర్కింగ్ దినంగా పాటిస్తారు.

ఇక్కడ శ్రోతలు ఒక వివరాన్ని గమనించాలి. తొలి ఏర్పాటులో కలిసి భోజనం చేయడం అన్నది తర్వాత ఎవరో చేర్చిన సదుపాయం కాదు. బల్లలు, ఇంటర్నెట్‌తో సమానంగా మొదటి రోజు నుంచే ప్రణాళికలో ఉన్న అంశం. మనుషులు దొరికేదాకా ఖాళీ గదిలో బల్లలు వేసి కూర్చున్న వ్యక్తికి, బల్లల కన్నా ముందు మనుషులు కావాలని బాగా తెలుసు. ఆ తర్వాతి ఏళ్లలో ఈ క్రమం చాలాచోట్ల తలకిందులైంది. ముందు భవనం, తర్వాత గాజు తలుపులు, ఆ తర్వాత గోడమీద రంగురంగుల అక్షరాలు, చివరికి మనుషులు.

పండితులు ఈ విషయాన్ని ఏమని వివరించారో కొంత తెలుసుకోవాలి. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో రాసిన పుస్తకంలో మూడో చోటు అనే భావనను ప్రతిపాదించారు. ఇల్లు మొదటి చోటు, పనిచేసే స్థలం రెండో చోటు, హోదాలతో నిమిత్తం లేకుండా నలుగురు కూర్చుని మాట్లాడుకునే హోటలు, గ్రంథాలయం, వీధి అరుగు వంటివి మూడో చోటు. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అలాంటి మూడో చోటుకు చక్కని ఉదాహరణ. సాయంత్రం నాటకమో సంగీతమో జరిగే ఆ ఆవరణలో పగటిపూట ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, టీ తాగుతూ పనిచేసుకునేవారు కనిపిస్తారు. కోవర్కింగ్ స్పేస్ రెండో చోటుకూ మూడో చోటుకూ నడుమ నిలుస్తుంది. పని జరగాలి, మాటా జరగాలి. ఈ రెండింటినీ ఒక గదిలో ఇమడ్చడమే దాన్ని నడిపేవారి నేర్పు.

క్లే స్పినూజీ అనే ఆచార్యుడు టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఇలాంటి చోట్లను పరిశీలించి 2012లో ఒక పత్రం ప్రచురించారు. సభ్యుల మధ్య రెండు రకాల సంబంధాలను ఆయన గుర్తించారు. ఒకటి మంచి పొరుగువారి సంబంధం: ఎవరి పని వారిదే, అయినా ఒకరి పనికి మరొకరు అడ్డు రాకుండా, అవసరమైనప్పుడు చేయి అందిస్తూ మర్యాదగా మెలగడం. రెండోది మంచి భాగస్వాముల సంబంధం: ఒకరికి వచ్చిన పనిలో మరొకరికి వాటా ఇచ్చి, ఇద్దరూ కలిసి చేయడం. స్థలాలను నడిపేవారు తమ ప్రకటనల్లో తరచు రెండోదాన్నే ఆశ చూపుతారు. ఇక్కడ చేరితే కొత్త వ్యాపారాలు, కొత్త భాగస్వాములు దొరుకుతారని చెబుతారు. కానీ మొదటిది లేనిదే రెండోది రాదు. ఫోను ఎక్కడ పెట్టి మాట్లాడాలో తెలియని మనిషికి ఎవరూ తమ ఖాతాదారును పరిచయం చేయరు.

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెచెన్ స్ప్రైట్జర్, ఆమె సహచరులు 2015లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం మరో కోణాన్ని చూపింది. కోవర్కింగ్ సభ్యులను తమ పనిలో ఎంత ఉత్సాహంగా, ఎంత ఎదుగుతున్నట్టుగా ఉన్నారని అడిగితే, ఏడు పాయింట్ల కొలమానంలో సగటు ఆరుకు దగ్గరగా వచ్చింది. సాధారణ ఆఫీసుల్లో అంత కనిపించదని ఆ పరిశోధకులే అన్నారు. దానికి వారు చెప్పిన కారణాల్లో ఒకటి ఆలోచింపజేసేది. అక్కడ పక్కవారితో పోటీ లేదు. పదోన్నతి కోసం ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడి లేరు. అందువల్ల తన పని ఏమిటో ఎదుటివారికి చెప్పుకునేటప్పుడు నటించాల్సిన అవసరం ఉండదు. చెప్పుకునే కొద్దీ ఆ పని మీద తనకే గౌరవం పెరుగుతుంది.

దూరానికి సంబంధించిన అధ్యయనం మరొకటి ఉంది. మరియా రోష్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2022లో వెలువరించిన ఆ పత్రం, అమెరికాలోని ఒక ఐదంతస్తుల భవనంలో ఉన్న 251 స్టార్టప్‌లను పరిశీలించింది. ఒక సంస్థ వాడుతున్న సాంకేతిక పరికరాన్ని చూసి మరో సంస్థ నేర్చుకోవడం అన్నది సుమారు 20 మీటర్ల దూరం లోపలే జరిగిందనీ, అది దాటితే ఒకే అంతస్తులో ఉన్నా ఆ ప్రభావం కనిపించలేదనీ వారు తేల్చారు. ఉమ్మడి వంటగది వంటి చోట్లు దగ్గర ఉన్నప్పుడు ఆ దూరం కొంత పెరిగింది. హైదరాబాదులో 2015 నవంబరులో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని విశాలమైన సొంత భవనంలోకి మారిన టీ-హబ్ వంటి సంస్థలను తలచుకుంటే ఈ 20 మీటర్ల లెక్క ఎంత ముఖ్యమో తెలుస్తుంది. భవనం పెద్దదయ్యే కొద్దీ పరిచయాలు చేయించే పనీ పెరుగుతుంది.

ఆ పని ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ప్రతి ఇంట్లో రాత్రిపూట పాలు తోడుపెట్టే పద్ధతిని గుర్తుచేసుకుంటే చాలు. కాచిన పాలను గోరువెచ్చగా చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచాడు వేసి, కదపకుండా ఉంచితే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు అవుతుంది. ఎంత చిక్కటి పాలైనా తోడు వేయకుండా ఉంచేస్తే విరిగిపోతాయి. మరీ వేడి పాలలో వేస్తే తోడుకోవు. చల్లటి పాలలో వేసినా తోడుకోవు. మాటిమాటికీ గిన్నెను కదిపితే పెరుగు గట్టిపడదు. కోవర్కింగ్ స్పేస్‌లో ఆ చెంచాడు పెరుగు పాత సభ్యులు. యాభై మంది ఉన్న చోట ఐదారుగురు పాతవారు, కొత్తగా వచ్చినవారిని పలకరించే అలవాటు ఉన్నవారు ఉంటే చాలు. మొదటి రోజే ఆటలు, పోటీలు పెట్టి కొత్తవారిని హడావిడి చేసినా లాభం లేదు. నెలరోజులైనా ఎవరూ పలకరించకుండా వదిలేసినా లాభం లేదు. స్థలాన్ని చూసుకునే ఉద్యోగిని ప్రతి మూడు నెలలకూ మార్చేసే యాజమాన్యం గిన్నెను కదుపుతున్నట్టే. సభ్యుల పేర్లు, పనులు, అలవాట్లు ఆ ఉద్యోగి మనసులోనే ఉంటాయి. మనిషి మారితే అదంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఆ ఉద్యోగినే కమ్యూనిటీ మేనేజర్ అంటారు. చాలాచోట్ల ఈ పని పేరుకే మిగిలి, బిల్లుల వసూలు, ఏసీ మరమ్మతు, కొరియరు కవర్లు తీసుకోవడం దగ్గరే ఆగిపోతోంది. ఇది పెద్ద నష్టం. నిజానికి ఆ ఉద్యోగి దగ్గర ఉండాల్సిన ముఖ్యమైన వస్తువు ఒక నోటుపుస్తకం. ఏ సభ్యుడు ఏ పని చేస్తాడు, ఇప్పుడు ఏ సాయం వెతుకుతున్నాడు, ఎవరికి ఏ సాయం చేయగలడు అన్నది అందులో రాసి ఉండాలి. వారానికి ఒకసారి దాన్ని తిరగేసి, ఒకరి అవసరాన్ని మరొకరి నైపుణ్యంతో జతచేసి, ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మళ్లీ అదే మాట చెప్పుకోవాలి: పక్క కుర్చీలో ఎవరున్నారో తెలియజేయడం ఒక పని, ఆ పనికి ఒక మనిషి ఉండాలి.

సాయంత్రం నాలుగింటికి వంటగది దగ్గర ఏం జరుగుతుందో ఊహించి చూడవచ్చు. కెటిల్‌లో నీళ్లు మరుగుతుంటాయి. సింకు దగ్గర అకౌంటెంటు తన కప్పు కడుక్కుంటుంటే, చిత్రకారిణి తన వంతు కోసం నిలబడుతుంది. ప్రచురణకర్త తన పారితోషికంలో పది శాతం కోసేసి పంపాడని, ఎందుకో అడగడానికి మొహమాటపడుతున్నానని ఆమె అంటుంది. అది మూలంలో కోసే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్ అనీ, ఆ మొత్తం ఆమె పాన్ నంబరు మీద జమయిందో లేదో ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చూసుకోవచ్చనీ, కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే రిటర్ను వేసి మిగతాది తిరిగి తెచ్చుకోవచ్చనీ ఆయన చెబుతాడు. మూడు నిమిషాల మాట. ఇకపై ఆ డబ్బు వదులుకోకుండా తిరిగి తెచ్చుకునే దారి ఆమెకు దొరుకుతుంది. రేపు ఆయన తన కార్యాలయానికి ఒక పేరుపలక కావాలనుకుంటే ఎవరిని అడగాలో ఆయనకూ తెలుస్తుంది. ఆ ఇద్దరూ ఇళ్లలో విడివిడిగా కూర్చుని పనిచేస్తే ఈ సంభాషణకు తావే లేదు. కాఫీ యంత్రం ఒక్కొక్కరి బల్ల మీదే పెట్టి ఉంటే అక్కడా తావు ఉండేది కాదు. వంటగదిని ఇరుకైన మూలలో కాకుండా అందరూ నడిచే దారిలో పెట్టడం అందుకే అవసరం.

ఇరుగుపొరుగు ఉన్నచోట తగాదాలూ ఉంటాయి. ఉమ్మడి గదిలో స్పీకరు పెట్టి ఫోన్లో మాట్లాడటం, నాలుగు కుర్చీల మీద సంచులు పరచడం, ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడు ప్లగ్గులూ ఒకరే వాడుకోవడం, ఏసీ 18 మీద పెట్టాలా 26 మీద పెట్టాలా అన్న వాదన, తాగిన కప్పులు సింకులో వదిలేయడం వంటివి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. సభ్యులు చెప్పకుండా మానేయడానికి తరచు ఇవే కారణాలు. గోడకు హెచ్చరికలు అంటించడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషిని పలకరించకూడదన్న మర్యాదను కొత్త సభ్యుడు బోర్డు చదివి నేర్చుకోడు, పక్కవారిని చూసి నేర్చుకుంటాడు. పాత సభ్యులు తమ కప్పు తామే కడుక్కునే చోట కొత్త సభ్యుడూ కడుక్కుంటాడు.

తెలుగు నేల మీద ఈ విషయానికి మరో పార్శ్వం ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కొత్త మనిషి కనబడగానే ఊరు, ఇంటిపేరు అడగడం మన సమాజంలో చాలామందికి అలవాటు. ఆ ప్రశ్నల వెనక కులం ఆరా ఉంటుందని అడిగేవారికీ తెలుసు, జవాబు చెప్పేవారికీ తెలుసు. అలాగే వంటగదిలో మాంసాహారం వేడి చేసుకోకూడదన్న నియమం పైకి వాసన గురించి పెట్టినట్టు కనిపించినా, ఎవరి భోజనం బయట తినవలసి వస్తుందో చూస్తే దాని అసలు బరువు తెలుస్తుంది. మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తే వాసన సమస్య తీరుతుంది. మనిషిని డబ్బా పట్టుకుని మెట్ల మీద కూర్చోబెడితే పోయిన గౌరవం తిరిగి రాదు. కాబట్టి పరిచయం చేయించేవారు మనిషిని అతని పనితో పరిచయం చేయాలి. "ఈమె పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తారు, ఈయన జీఎస్‌టీ లెక్కలు చూస్తారు" అంటే సరిపోతుంది. తర్వాత వారిద్దరూ ఏం మాట్లాడుకుంటారన్నది వారి ఇష్టం. ఇంగ్లీషులో తడబడేవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త ఉండాలి. కరీంనగర్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కుర్రవాడు పనిలో దిట్ట అయినా, నలుగురిలో ఇంగ్లీషులో పరిచయం చేసుకోమంటే వెనక బల్లకు పోతాడు. ఆ పరిచయం తెలుగులో జరిగితే అతని పని అందరికీ తెలుస్తుంది.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంట్లో పనిచేసే పురుషుడు తలుపు వేసుకుంటే పనిలో ఉన్నాడంటారు. ఇంట్లో పనిచేసే స్త్రీ కంప్యూటరు ముందు కూర్చున్నా చాలా ఇళ్లలో ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాసు సిలిండరు వచ్చినా, అత్తగారి మాత్రల వేళ అయినా, బడి వ్యాను ఆలస్యమైనా లేవాల్సింది ఆమే. రోజుకు నాలుగు గంటలు బయట ఒక కుర్చీ దొరకడం ఆమెకు విలాసం కాదు. తన పని పనే అని ఇంటివారు ఒప్పుకునే రుజువు. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 8న హైదరాబాదులో వీ-హబ్ పేరుతో మహిళా వ్యాపారవేత్తల కోసం ప్రత్యేకంగా ఒక ఇన్‌క్యుబేటర్‌ను ప్రారంభించింది. కొత్త సంస్థలకు తొలి దశలో చోటు, సలహా, పెట్టుబడిదారుల పరిచయం కల్పించే కేంద్రాన్ని ఇన్‌క్యుబేటర్ అంటారు. అలాంటి కేంద్రం ప్రతి ఊళ్లోనూ ఉండకపోవచ్చు. శుభ్రమైన ప్రత్యేక మరుగుదొడ్డి, వెలుతురున్న మెట్లు, బస్సు ఆగే చోటుకు దగ్గరగా భవనం, పూర్తి నెలకు కాకుండా సగం పూటలకు సభ్యత్వం ఉంటే ఏ ఊరి కోవర్కింగ్ స్పేస్ అయినా స్త్రీలకు పనికొస్తుంది. అయితే ముందు నుంచి ఇద్దరు ముగ్గురు స్త్రీలు క్రమంగా వచ్చే చోటికే మరో స్త్రీ ధైర్యంగా వస్తుందన్నది నడిపేవారు మరవకూడదు. పరిచయాలు చేయించే పని ఇక్కడ మరీ అవసరం.

వ్యాపారం పెద్దదైనప్పుడు ఈ పనికి ఏమవుతుంది? న్యూయార్కులో 2010లో మొదలైన వీవర్క్ సంస్థ సభ్యుల కలివిడిని తన పేరుప్రతిష్ఠలకు ఆధారం చేసుకుంది. 2019లో ఒక దశలో దాని విలువను 4,700 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు. అదే ఏడాది షేర్లను ప్రజలకు అమ్మే ప్రయత్నం విఫలమైంది. 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. భవనాలను ఎన్నో ఏళ్లకు అద్దెకు తీసుకుని సభ్యులకు నెలవారీగా ఇవ్వడంలో ఉన్న ముప్పు కరోనా కాలంలో బయటపడింది. మన దేశంలో ఈ రంగంలోని పెద్ద సంస్థలు మరో దారి పట్టాయి. ఒక పెద్ద కంపెనీకి అంతస్తు మొత్తాన్ని సిద్ధంచేసి ఇచ్చి, నిర్వహణ తామే చూసుకునే పద్ధతిని మేనేజ్డ్ ఆఫీస్ అంటారు. లెక్కల ప్రకారం అది భద్రమైన వ్యాపారం. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే మెడలో ఒకే కంపెనీ కార్డు ఉన్న రెండువందల మందికి పక్క కుర్చీలో ఎవరో పరిచయం చేయనవసరం లేదు. దాన్ని ఆఫీసు అనడమే సరైనది. దాన్నీ, ఒంటరిగా పనిచేసేవారికి తోటివారిని అందించే చోటునూ ఒకే పేరుతో పిలవడం వల్ల, రెండో రకం చోట్లు తగ్గిపోతున్నా ఎవరికీ తెలియకుండా పోతోంది.

చిన్న ఊళ్లకు అనువైన దారి ఫిలడెల్ఫియా నగరంలో కనిపిస్తుంది. అక్కడ అలెక్స్ హిల్మన్, మరికొందరు కలిసి 2007లో ఇండీ హాల్ అనే కోవర్కింగ్ స్పేస్ తెరిచారు. దానికి ముందు భవనం కోసం పరుగులు పెట్టలేదు. సొంతంగా పనిచేసుకునేవారిని కాఫీ షాపుల్లో కలుసుకుంటూ, ఒకరికొకరిని పరిచయం చేస్తూ, ఒక బృందం ఏర్పడిన తర్వాతే అందరూ కలిసి స్థలం చూసుకున్నారు. తాళం తీసిన రోజుకే అక్కడి సభ్యులు ఒకరికొకరు తెలుసు. అద్దె భారాన్ని పంచుకునేవారూ సిద్ధంగా ఉన్నారు. న్యూబర్గ్ మొదటి నెల ఖాళీ బల్లల మధ్య ఎదుర్కొన్న కష్టం వారికి రాలేదు.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త పద్ధతి కూడా కాదు. హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టూ అశోక్‌నగర్ వీధుల్లో నెలసరి రుసుముకు కుర్చీలిచ్చే స్టడీ హాళ్లు పోటీ పరీక్షలకు చదివే వేలాది మంది యువకులకు ఇలాంటి ఆసరానే ఇస్తున్నాయి. ఎవరి పుస్తకం వారిదే, ఎవరి కుర్చీ వారిదే. అయినా టీ బండి దగ్గర నోట్సు చేతులు మారుతుంది, నోటిఫికేషను ఎప్పుడు వస్తుందన్న చర్చ నడుస్తుంది, ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి చవక గది ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. అక్కడ పరిచయం చేయించే ఉద్యోగి ఎవరూ లేరు. ముందు తరం అభ్యర్థులే ఆ పని చేస్తున్నారు. ఈ అనుభవం ఉన్న యువకులు రేపు తమ ఊళ్లలో పని చేసుకోవడానికి ఒక చోటు కావాలనుకుంటే పరాయి నమూనా కోసం ఎదురుచూడక్కర లేదు.

వరంగల్లులోనో, కాకినాడలోనో, తిరుపతిలోనో అలాంటి చోటు తెరవాలనుకునేవారికి ఈ ప్రసంగం చేసే విన్నపం ఒక్కటే. భవనం అడ్వాన్సు కట్టకముందు, ఊళ్లో ఇంటి నుంచి పనిచేసుకునేవారిని పదిమందిని వెతకండి. వారానికి ఒక రోజు, ఒకే వేళకు, ఒకే చోట, మిత్రుల మేడమీద గదిలోనో, గ్రంథాలయం అనుమతిస్తే అక్కడి హాల్లోనో, రెండు నెలలు వారిని కూర్చోబెట్టండి. మధ్యాహ్నం క్యారేజీలు ఒక బల్ల మీద విప్పించండి. ప్రతి వారం ఒక కొత్త మనిషిని తీసుకొచ్చే బాధ్యత ఒకరికి అప్పగించండి. రెండు నెలల తర్వాత కూడా ఆ పదిమందీ వస్తుంటే అప్పుడు స్థలం చూడండి. ఇప్పటికే ఏదో ఒక కోవర్కింగ్ స్పేస్‌లో సభ్యులైన శ్రోతలు రేపు ఉదయం కంప్యూటరు తెరవకముందు పక్క కుర్చీలోని మనిషి పేరు, చేసే పని అడిగి తెలుసుకోండి.